ఎంసీబీ ఉన్నా షాక్ ఎందుకు కొడుతుంది?

"బాత్రూంలో కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందిరా" అని మా అమ్మ రెండు వారాల పాటు చెప్పింది. తడి చేతులు కదమ్మా, ఏదో అలా అనిపించి ఉంటుందిలే అన్నాను. ఒకరోజు పొద్దున్నే నేనే వేడినీళ్ళ కొళాయి తిప్పబోతే వేళ్ళ చివర నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. టెస్టర్ తెచ్చి కొళాయికి ఆనిస్తే వెలిగింది. గీజరు స్విచ్ ఆపితే ఆరిపోయింది, మళ్ళీ వేస్తే మళ్ళీ వెలిగింది. అమ్మ చెప్పిన రోజే ఈ పని చేసి ఉండాల్సింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి గీజరు ప్లగ్గు బోర్డు విప్పాడు. కరెంటు తెచ్చే ఫేజు వైరు, తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరు బాగానే బిగించి ఉన్నాయి. ఎర్త్‌కి రావాల్సిన పచ్చ వైరు మాత్రం మూడు మడతలు పెట్టి, చివర టేపు చుట్టి, గోడలోని పెట్టె వెనక్కి తోసేసి ఉంది. ఇల్లు వైరింగ్ చేసిన నాటి నుంచి అది అలాగే ఉంది. అంటే ఆ సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రం ఏళ్ళ తరబడి ఏ వైరుకీ తగలకుండా ఉత్తినే ఉంది. గీజరు లోపల ఎలిమెంట్ పాడై, కరెంటు కొంచెం కొంచెంగా ట్యాంకు బాడీకీ నీళ్ళకీ లీకవుతుంటే, దానికి భూమిలోకి పోయే దారి లేక కొళాయి దాకా వచ్చి కూర్చుంది.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఎంసీబీలన్నీ కొత్తవే కదా, ఎందుకు పడలేదు?" చాలామంది ఇళ్ళలో ఉన్న ధీమా ఇదే. మీటరు పక్కన తెల్ల డబ్బా ఉంది, అందులో వరసగా ఎంసీబీ అనే స్విచ్‌లు ఉన్నాయి, ఏదైనా అయితే టప్పున వాటంతటవే పడిపోయి కరెంటు ఆపేస్తాయి, మనకేం కాదు అని. ఆ నమ్మకంలో సగమే నిజం.

ఎంసీబీ చేసేది రెండే పనులు. లోపల రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ ఉంటుంది, మోయాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు కాసేపు పారితే అది వేడెక్కి వంగి స్విచ్‌ని పడేస్తుంది. ఇంకొకటి చిన్న కాయిల్, ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసి షార్ట్ అయితే ఒక్కసారిగా వందల యాంపులు పారతాయి కాబట్టి ఆ కాయిల్ అయస్కాంతంలా లాగి కన్నుమూసి తెరిచేలోపు పడేస్తుంది. ఈ రెండూ వైరు కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా ఉండటానికి. 16 యాంపుల ఎంసీబీకి 16 యాంపుల దాకా ఏ అభ్యంతరమూ లేదు, అది గీజరులోకి పోతోందో మనిషిలోంచి పోతోందో దానికి తెలియదు.

మనిషికి ఎంత చాలు? ఒక మిల్లీయాంపు దగ్గర జివ్వుమనడం మొదలవుతుంది, పది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదలలేకపోవచ్చు. 30 మిల్లీయాంపులు దాటి కాసేపు ఒంట్లోంచి పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. యాంపుకి వెయ్యి మిల్లీయాంపులు. అంటే 16 యాంపుల ఎంసీబీ తన హద్దు దాటలేదని ఊరుకునే కరెంటులో, మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేంత కరెంటు ఐదు వందల రెట్లకు పైగా ఇమిడి ఉంది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు, అది ఆ పనికి చేసింది కాదు.

సరే, మరి ఎర్త్ ఉంటే చాలు కదా? ఇక్కడే అసలు చిక్కు ఉంది, దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

ఎర్తింగ్ అంటే ఇంటి పక్కన గొయ్యి తవ్వి, ఇనుప పైపో రాగి రాడ్డో దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, అక్కడి నుంచి ప్రతి మూడు పిన్నుల సాకెట్‌కీ పచ్చ వైరు లాగడం. ఫేజు వైరు ఊడి గీజరు బాడీకి తగిలితే కరెంటు ఆ పచ్చ వైరు గుండా భూమిలోకి పోతుంది, పెద్దమొత్తంలో పోతుంది కాబట్టి ఫ్యూజు ఎగిరిపోతుంది అని మనం చదువుకున్నాం. పెద్దమొత్తంలో పోతుందా అన్నదే ప్రశ్న. అది మీ ఎర్త్ గొయ్యి రెసిస్టెన్స్ మీద ఆధారపడి ఉంటుంది. గొయ్యి ఐదు ఓములు ఉందనుకోండి, 230ని ఐదుతో భాగిస్తే 46 యాంపులు. 16 యాంపుల ఎంసీబీ దానికి పడుతుంది గానీ తక్షణం కాదు, పట్టీ వేడెక్కాలి కాబట్టి కొన్ని సెకన్లు పడుతుంది. అదే గొయ్యి 20 ఓములు ఉంటే? 230ని 20తో భాగించండి, పదకొండున్నర యాంపులు. ఎంసీబీ దృష్టిలో అది ఒక గీజరు నడుస్తున్నంత లోడు, అంతే. ఎప్పటికీ పడదు. ఎర్త్ ఉంది, పచ్చ వైరు బిగించి ఉంది, ఎంసీబీ ఉంది, అయినా గీజరు బాడీ మీద దాదాపు 200 వోల్టులు గంటల తరబడి నిలబడి ఉంటాయి. పైగా అంత కరెంటు ఊరికే మట్టిలోకి పోతూ బిల్లు కూడా పెరుగుతుంది.

మన దగ్గర 20 ఓములు అంటే అరుదైన సంగతేం కాదు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్ళలో రెండు మీటర్లు దింపితే తడి నల్లమట్టి తగులుతుంది, రెసిస్టెన్స్ తేలిగ్గా తగ్గుతుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. చాలా చోట్ల నాలుగడుగులు తవ్వేసరికి బండ పడుతుంది, పైపు పూర్తిగా దిగదు, దిగినంత వరకే వదిలేసి పైన సిమెంటు మూత పెట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మట్టి ఎండిపోతే రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. సరిగ్గా అదే కాలంలో ఇంట్లో ఇనుప బాడీ ఎయిర్ కూలరు నీళ్ళతో తిరుగుతూ ఉంటుంది. కూలర్‌లో నీళ్ళు పోస్తూ షాక్ కొట్టి చనిపోయారన్న వార్త ప్రతి ఎండాకాలం చదువుతున్నాం కదా, వాటి వెనక ఎక్కువగా ఉండేది ఇదే: ఎర్త్ లేకపోవడమో, ఉన్నా పనిచేయకపోవడమో. మీ గొయ్యికి నీళ్ళు పోసే గొట్టం ఉంటే ఎండాకాలంలో వారానికోసారి బకెట్ నీళ్ళు పోయండి, పాతకాలం వాళ్ళు చేసిన పనే, దానికి కారణం ఉంది.

ఈ ఖాళీని పూడ్చేదే ఆర్‌సీసీబీ. ఎలక్ట్రికల్ షాపులో ఈఎల్‌సీబీ అని అడిగినా ఇదే ఇస్తారు. ఎంసీబీలు ఉండే ఆ తెల్ల డబ్బాలో, అంటే డీబీ బాక్సులో, ఎంసీబీ కంటే వెడల్పుగా, మీద T అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. అది చూసేది ఎంత కరెంటు పారుతోందని కాదు, పోయినంత తిరిగి వస్తోందా లేదా అని. ఫేజులో ఐదు యాంపులు ఇంట్లోకి వెళితే న్యూట్రల్‌లో ఐదు యాంపులు తిరిగి రావాలి. ఫేజూ న్యూట్రలూ రెండూ ఒక చిన్న ఇనుప రింగు మధ్య నుంచి పోతాయి. రెండూ సమానంగా ఉన్నంతసేపు వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎక్కడో 30 మిల్లీయాంపులు తప్పిపోయి, అంటే గీజరు బాడీ నుంచో కూలర్ ముట్టుకున్న మనిషి కాళ్ళ నుంచో భూమిలోకి పోతే, లెక్క తేడా వస్తుంది, సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా మొత్తం కట్ చేస్తుంది. ఎర్త్ గొయ్యి 20 ఓములు కాదు, వంద ఓములు ఉన్నా రెండు యాంపులకు పైనే పోతుంది కాబట్టి దీనికి అది ఎక్కువే.

కొనేటప్పుడు 30 మిల్లీయాంపులదేనా అని చూసుకోండి. 100, 300 మిల్లీయాంపులవి కూడా షాపుల్లో ఉంటాయి, అవి పెద్ద బిల్డింగుల్లో అగ్నిప్రమాదాలు ఆపడానికి, మనిషి ప్రాణం కోసం కాదు. ఇంకో మాట, ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడ్ తెలియదు, షార్ట్ తెలియదు. కాబట్టి ఎంసీబీలు ఉండాల్సిందే, దాని వెనక అవి, వాటి ముందు ఇది. రెండు పనులూ ఒకటే చేసేవి కూడా వస్తాయి, ఆర్‌సీబీఓ అంటారు, గీజరు ఒక్కదానికే పెట్టించుకోవాలంటే అది బాగుంటుంది.

ఎర్త్ లేని పాత ఇంట్లో ఆర్‌సీసీబీ ఒక్కటే పెడితే? పనిచేస్తుంది, కానీ లీకైన కరెంటు పోవడానికి మీ ఒళ్ళే దారి కావాలి, మీరు ముట్టుకున్నాకే పడుతుంది, ఆ క్షణంలో షాక్ తగలడం ఖాయం. ఎర్త్ కూడా ఉంటే గీజరు పాడైన క్షణమే, అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. అందుకే రెండూ కావాలి. రెండూ ఉన్నా, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఏదీ కాపాడదు, ఎందుకంటే ఆర్‌సీసీబీ లెక్కలో మీరూ ఒక బల్బే, పోయింది పోయినట్టు తిరిగి వస్తోంది.

"ఆర్‌సీసీబీ పెడితే ఊరికే పడిపోతూ ఉంటుంది సార్, వద్దు" అని చెప్పే ఎలక్ట్రీషియన్లు చాలామంది ఉన్నారు. కొందరు ఉన్నదాన్ని కూడా బైపాస్ చేసేస్తారు. డబ్బా తెరిచి చూస్తే అది ఆన్‌లోనే కనిపిస్తుంది, కానీ కరెంటు పక్కనుంచి పోతూ ఉంటుంది. T బటన్ నొక్కి చూడండి. పడలేదంటే అది పాడై అయినా ఉండాలి, దాన్ని తప్పించి వైరు అయినా వేసి ఉండాలి. పడితే లోపలి భాగాలు కదులుతున్నాయని అర్థం, నెలకోసారి ఇలా నొక్కడం మంచిది, ఏళ్ళ తరబడి కదలకపోతే బిగుసుకుపోతుంది.

అది ఊరికే పడదు. పడిందంటే ఎక్కడో కారణం ఉంది. మొదట అన్ని ఎంసీబీలూ దింపేసి ఆర్‌సీసీబీ ఎత్తండి, నిలబడితే ఒక్కొక్కటే ఎత్తుతూ రండి, ఏది ఎత్తితే పడిందో ఆ లైనులోనే తప్పు. అప్పుడు ఆ లైనులోని ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ ఎత్తితే, తప్పు వస్తువులో ఉందా గోడలోని వైరులో ఉందా తేలిపోతుంది. కొన్నిసార్లు అన్నీ దింపినా నిలబడదు, అక్కడ చాలామంది తికమకపడతారు. కారణం, మన ఇళ్ళలో ఎంసీబీ ఎక్కువగా ఫేజుని మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగులుతుంటే ఎంసీబీ దింపినా ఆ తగులుడు పోదు. ఇక ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో ఇంకో జబ్బు ఉంది. ఇన్వర్టర్ లైను న్యూట్రలూ మామూలు లైను న్యూట్రలూ ఏదో ఒక స్విచ్ బోర్డులో కలిపేసి ఉంటారు, ఫేజు ఒక దారిన వెళ్ళి న్యూట్రల్ ఇంకో దారిన వస్తుంది, లెక్క కుదరదు, పడుతుంది. విడదీస్తే పోతుంది. ఓపిగ్గా ఒక పూట పట్టే పని, అంతే.

ఎర్త్ గురించే ఇంకో ప్రమాదకరమైన అడ్డదారి చెప్పాలి. ఎర్త్ వైరు లేని సాకెట్‌లో, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. న్యూట్రల్ కూడా చివరికి భూమికే కదా అన్నది వాళ్ళ వాదన. ఫ్రిజ్ నడుస్తుంది, వోల్టేజీ చూసినా సరిగ్గానే ఉంటుంది. ఆ ముక్కకి ముందు ఎక్కడో న్యూట్రల్ వదులై ఊడిన రోజున, ఫ్రిజ్ లోపలి నుంచి వచ్చిన ఫేజు కరెంటు తిరిగి పోయే దారి లేక ఆ ముక్క గుండా ఫ్రిజ్ బాడీకే వస్తుంది. తలుపు హ్యాండిల్ మీద 230 వోల్టులు. మీ సాకెట్ విప్పినప్పుడు నల్ల వైరు నుంచి పై పిన్నుకి ముక్క కనిపిస్తే ఆ రోజే తీయించేయండి. నీళ్ళ పైపుకి ఎర్త్ కట్టడం కూడా ఇలాంటిదే. ఇప్పుడు పైపులు ప్లాస్టిక్‌వి, మధ్యలో తెగిపోయిన ఎర్త్ అది.

మీ ఇంట్లో ఎర్త్ ఉందో లేదో చెప్పే చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇనుప డబ్బానో, ఛార్జింగ్‌లో ఉన్న లోహపు లాప్‌టాప్‌నో మునివేళ్ళతో మెల్లగా నిమిరితే గరగరలాడినట్టు ఉందంటే, అక్కడ ఎర్త్ అందడం లేదని అనుమానించండి. వాటి పవర్ సప్లైలో ఉండే చిన్న కెపాసిటర్ల వల్ల అతి స్వల్పంగా కరెంటు బాడీకి వస్తుంది, ఎర్త్ ఉంటే అది తెలియకుండా పోతుంది. ఆ కాస్త కరెంటు చంపదు గానీ, అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె పెడితే కథ వేరు. ఎలక్ట్రీషియన్‌తో మీ ముందే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టించి చూడండి, ఆర్‌సీసీబీ ఉంటే అది పడిపోవాలి, లేకపోతే బల్బు నిండుగా వెలగాలి. అలా వెలిగినంత మాత్రాన గొయ్యి మంచిదని కాదు, వైరు కలిసి ఉందని మాత్రమే. వంద వాట్ల బల్బు తీసుకునేది అర యాంపు కూడా కాదు, 20 ఓముల గొయ్యి కూడా దాన్ని చక్కగా వెలిగిస్తుంది. గొయ్యి సంగతి తేలాలంటే ఎర్త్ టెస్టర్‌తో కొలవాల్సిందే.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను ఎందుకు లావుగా, పొడవుగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ప్లగ్గు దూర్చేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి అని. దూరడం లేదని ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టడం ఎన్ని ఇళ్ళలో చూశానో. మొబైల్ ఛార్జర్‌కి రెండు పిన్నులే ఉంటాయి కదా అంటారు. దాని మీద ఒక చదరంలో ఇంకో చదరం బొమ్మ ఉంటుంది చూడండి, లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ముట్టుకునే చోట లోహం లేదు కాబట్టి ఎర్త్ అక్కర్లేదు అని దానర్థం. ఇస్త్రీపెట్టె, గీజరు, వాషింగ్ మెషీన్, గ్రైండర్, నీళ్ళ మోటారు అలాంటివి కావు.

ఎంసీబీ పదే పదే పడుతోందని పెద్దది వేయించుకునేవాళ్ళకి ఒక్క మాట. 16 పడుతోంది, 32 వేయండి అంటారు. లైట్లకీ ఫ్యాన్లకీ వేసే 1.5 స్క్వేర్ (అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల) వైరు 16 యాంపులకు మించి మోయడం కష్టం, గోడలో పైపుల్లో వేడి బయటికి పోదు కూడా. 32 యాంపుల ఎంసీబీ పెడితే వైరు ముందు కాలుతుంది, తర్వాతే ఎంసీబీ పడుతుంది. గీజరుకీ ఏసీకీ 4 స్క్వేర్ వైరు విడిగా లాగించుకోవాలి. పాత ఇళ్ళలో ఫ్యూజు కట్టేటప్పుడు రెండు పోగులకు బదులు ఐదారు పోగుల రాగి తీగ మెలిపెట్టి కట్టడమూ ఇదే తప్పు. లూజ్ కాంటాక్ట్ వేరే సంగతి, దాన్ని ఎంసీబీ అస్సలు పట్టుకోలేదు, కరెంటు మామూలుగానే ఉంటుంది, కానీ ఆ స్క్రూ దగ్గర మాత్రం వేడి పుట్టి సాకెట్ పసుపు పచ్చగా మారి కరుగుతుంది. గీజరు నడిచిన పది నిమిషాల తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్గు పీకకుండా దాని ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేకపోతే సాకెట్ మార్చాలి.

ఎంత విప్పవచ్చు, ఎక్కడ ఆగాలి అని అడుగుతారు. మెయిన్ దింపి, టెస్టర్‌తో చూసుకుని బల్బు హోల్డరో ప్లగ్ టాపో మార్చుకోవచ్చు. ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందంటే ఎక్కువసార్లు పోయేది కెపాసిటరే, దాని మీద రాసిన విలువే చూసి కొత్తది తెచ్చి పెట్టుకోవచ్చు. డీబీ బాక్సు లోపల మాత్రం వద్దు, మెయిన్ దింపినా దానికి వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మీటరు నుంచి స్తంభం దాకా మనది కాదు, అక్కడేమైనా అయితే 1912కి ఫోన్ చేయాలి. ఇంట్లో కొన్ని లైట్లు మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా వెలుగుతుంటే త్రీ ఫేజు లైనులో న్యూట్రల్ తెగిందేమోనని అనుమానించి వెంటనే మెయిన్ దింపండి, ఆ సమయంలో 230 బదులు 400 దాకా రావచ్చు, టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోయేది అప్పుడే.

మా ఇంట్లో ఆ పచ్చ వైరు కలిపించి, గీజరు ఎలిమెంట్ మార్పించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఆగస్టులో ఒక రాత్రి వాన కురుస్తుంటే అది టప్పుమని పడింది. అన్నీ దింపి ఒక్కొక్కటే ఎత్తాను. బయటి లైట్ల లైను ఎత్తగానే పడింది. దాన్ని ఒక్కదాన్నే దింపి ఉంచి పడుకున్నాం. పొద్దున్న ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ దింపి వరండా గోడకున్న లైటు విప్పితే హోల్డరు నిండా నీళ్ళు, వైరు తొక్క ఒకచోట పగిలి రాగి బయటపడి ఉంది. దాన్ని గోడకు పట్టి ఉంచిన ఇనుప క్లాంపుకి అది ఆనుకుని ఉంది. ఆ క్లాంపుకే ఒక కొస కట్టి, మా అమ్మ రోజూ బట్టలు ఆరేసే జీఐ తీగ ఉంది. ఎలక్ట్రీషియన్ ఒక్క మాటా మాట్లాడకుండా తీగ ముడి విప్పి చుట్ట చుట్టి కింద పడేశాడు. సాయంత్రం నైలాన్ తాడు తెచ్చి, లైటుకి దూరంగా రెండు కొక్కేలు కొట్టి కట్టాను.